నాలుగు ముఖముల నగరము

మహానగరములు నదీతీరములందు వెలయుట లోకసహజము. కాంబోడియా దేశమునకు రాజధానియైన ఫ్నోం పెన్ నగరము మాత్రము ఒక్క నదితో తృప్తిచెందలేదు. ఉత్తరమునుండి వచ్చెడు మెకాంగ్ మహానదియు, టోన్లే సాప్ సరస్సునుండి వచ్చెడు అదే పేరుగల నదియు ఇచ్చట కలిసికొని, కలిసిన చోటనే మరల రెండు పాయలై దక్షిణమునకు సాగుచున్నవి. ఎగువను రెండు, దిగువను రెండు, ఇట్లు జలము నాలుగు ముఖములతో కన్పట్టుటచే ఆ దేశపు ఖ్మేరు ప్రజలు ఈ తావును 'చక్తొముక్' అని పిలిచిరి. అది మన 'చతుర్ముఖ' శబ్దమే. ఖ్మేరు లిపి దక్షిణభారతమునందలి పల్లవ లిపినుండి పుట్టినది. ఆ భాషలో 'నొకొర్' అనగా నగరము, 'సాలా' అనగా పాఠశాల, 'క్రూ' అనగా గురువు. కావున తెలుగు యాత్రికుడు ఆ వీధులలో నడచునపుడు, తెలియని మాటల నడుమ తెలిసిన మాట ఒక్కటి చెవిని సోకి ఆశ్చర్యము గొలుపును.

'ఫ్నోం' అనగా కొండ. 'పెన్' అనునది ఒక స్త్రీ పేరు. 1372వ సంవత్సరమున వరదలో కొట్టుకొనివచ్చిన ఒక మ్రాను ఆమెకు దొరకెననియు, దాని తొఱ్ఱలో నాలుగు బుద్ధవిగ్రహములు కనబడగా, ఆమె ఇరుగుపొరుగువారిచే మన్ను మోయించి తిప్ప కట్టించి, దానిపై గుడి నిలిపెననియు ఐతిహ్యము. ఆ తిప్పయే నేటి వాట్ ఫ్నోం. దాని ఎత్తు సుమారు 27 మీటర్లు. మన కొండలను ఎఱిగినవారికి అది కొండగా తోచదు. అయినను ఒక మహానగరము ఒక గృహిణి పేరు మోయుట, రాజుల పేర్లను మోయు నగరములు పెక్కు గల ఈ లోకమున వింతయే కదా! మెట్లకు ఇరుప్రక్కల పడగలు విప్పిన నాగములు యాత్రికునకు స్వాగతమిచ్చును. పైన గుడిలో వ్యాపారము కలిసిరావలెనని మ్రొక్కువారును, పరీక్షలో ఉత్తీర్ణులము కావలెనని మ్రొక్కు విద్యార్థులును కనబడుదురు.

అంగ్‌కోర్ నగరము క్షీణించిన పిదప, 15వ శతాబ్దమున ఖ్మేరు రాజులు తమ రాజధానిని ఇచ్చటికి తెచ్చిరి. తరువాత అది వేఱుచోట్లకు తరలిపోయినను, 1866లో నొరోదోం రాజు మరల ఇచ్చటనే స్థిరపఱచి నదికి అభిముఖముగా రాజప్రాసాదమును కట్టించెను. పసుపుపచ్చని గోడలు, అంచులు పైకి వంగిన పలువరుసల పైకప్పులు గల ఆ ప్రాసాదము ప్రక్కనే ఒక బౌద్ధాలయము కలదు. దాని నేలపై 5,000కు మించిన వెండిపలకలు పఱచియుండుటచే దానికి వెండిగుడి యని పేరు వచ్చినది. అచ్చటికి పోవువారు భుజములను మోకాళ్ళను కప్పు వస్త్రములు ధరింపవలెను. గుడి వెలుపలనే పాదరక్షలు విడువవలెను. ఆలయమును చుట్టియున్న వసారా గోడలపై 600 మీటర్లకు పైగా ఒక చిత్రమాల సాగుచున్నది. 1903, 1904 సంవత్సరములలో వ్రాయబడిన ఆ చిత్రములు రామకథను చెప్పుచున్నవి. ఖ్మేరు రామాయణమునకు 'రియామ్‌కేర్' అనగా రామకీర్తి యని పేరు. అందలి హనుమంతుడు తెల్లనివాడు. రాముని కిరీటము ఖ్మేరు శిల్పమునందలి శిఖరమును బోలియుండును. అయినను ఏ ఘట్టము ఏదియో తెలుగు బాలునకు ఎవ్వరును చెప్పనక్కఱలేదు. తేమ తగిలి గోడల దిగువభాగమున వర్ణములు చాలచోట్ల చెడిపోయినవి.

ప్రాసాదమునకు ఉత్తరమున ఎఱ్ఱని జాతీయ వస్తుప్రదర్శనశాల యున్నది. ఫ్రెంచివారి ఏలుబడిలో జార్జ్ గ్రోలియే అను విద్వాంసుడు ఖ్మేరు ఆలయముల పోలికపై దానిని నిర్మింపగా, 1920లో అది ప్రారంభింపబడినది. నడుమ తోట, తామరకొలను, చుట్టును శిలావిగ్రహములు. ఫ్నోం దా అను చోట దొరకిన ఎనిమిది చేతుల విష్ణుమూర్తి, కన్నులు మోడ్చి ధ్యానించు ఏడవ జయవర్మ మహారాజు చూపఱులను చాలసేపు నిలుపుదురు.

విగ్రహములను చూచి అలసినవానికి బజారు విశ్రాంతినిచ్చును. 1937లో కట్టబడిన కేంద్ర విపణి పసుపువన్నె గుమ్మటముతోను, నాలుగు దిక్కులకు చాచిన నాలుగు రెక్కలతోను విరాజిల్లుచున్నది. గుమ్మటపు ఎత్తువలన లోపల గాలి ఆడి, ఎండవేళలందును చల్లగా నుండును. అచ్చట 'సిక్లో' అను మూడుచక్రముల బండి నెక్కవచ్చును. మన రిక్షాలో త్రొక్కువాడు ముందుండును. సిక్లోలో ఎక్కినవాడే ముందు కూర్చుండును, త్రొక్కువాడు వెనుకనుండి నడపును. వీధి యంతయు కనులయెదుట పఱచుకొనును. ఉదయమున బియ్యపుపిండితో చేసిన సేవికల పులుసును, మధ్యాహ్నమున కొబ్బరిపాలతో అరటిదొన్నెలో ఆవిరిపై ఉడికించిన చేపకూరను అచ్చటివారు ఇష్టముతో భుజింతురు. ఎవ్వరైన ఎదురుపడినచో చేతులు జోడించి నమస్కరింతురు. ఎదుటివాని గౌరవమునుబట్టి ఆ జోడించిన చేతులు వక్షమునుండి నొసటివఱకు పైకి పోవుచుండును.

నగరమధ్యమున తామరమొగ్గను పోలిన స్వాతంత్ర్యస్తంభము కలదు. 1953లో ఫ్రెంచివారినుండి లభించిన స్వాతంత్ర్యమునకు గుర్తుగా వాన్ మొలివాన్ అను దేశీయ శిల్పి దానిని రూపొందింపగా, 1958లో అది పూర్తియైనది. ఆ కాలమున ఈ నగరము మిగుల శోభతో నుండెను.

ఇంతవఱకు చూచినవాడు నగరము చూచితినని తలపవచ్చును. కాని ఈ నగరమునకు ఇంకొక ముఖము కలదు. దానిని చూడవలెనన్న దక్షిణదిశయందలి ఒక ఉన్నత పాఠశాలకు పోవలెను. మూడంతస్తుల తరగతి భవనములు, ఆటస్థలము, నీడనిచ్చు వృక్షములు గల సామాన్య పాఠశాల యది. నేడు దానిని తూల్ స్లేంగ్ అందురు.

1975 ఏప్రిల్ 17వ తేదీన, పోల్ పాట్ నాయకుడుగా గల ఖ్మేర్ రూజ్ సైనికులు నగరమును పట్టుకొనిరి. అమెరికా విమానములు బాంబులు వేయనున్నవని చెప్పి, జనులను ఇండ్లు విడిచి పొమ్మని ఆజ్ఞాపించిరి. వైద్యశాలలలోని రోగులను సైతము వీధులలోనికి తఱిమిరి. ఇరువది లక్షల జనముగల నగరము కొన్ని దినములలో శూన్యమైనది. పట్టణవాసమే దోషమనియు, ఎల్లరు పొలములలో పనిచేయవలెననియు ఆ పాలకుల మతము. వారు నాణెమును రద్దుచేసిరి, బడులు మూసిరి, గురువులను, చదువుకొన్నవారిని శత్రువులుగా చూచిరి. ఆకలి, రోగము, వధ కారణముగా దేశజనాభాలో సుమారు నాలుగవవంతు నశించినది. 1979 జనవరి 7వ తేదీన వియత్నాము సైన్యమును, దానితో కలిసిన కాంబోడియనులును నగరములో ప్రవేశించువఱకు ఆ పాలన సాగెను.

ఆ కాలమున ఈ పాఠశాల చెఱసాల యయ్యెను. తరగతి గదులను ఇటుకలతోను చెక్కలతోను చిన్న చిన్న అఱలుగా విభజించిరి. పిల్లలు వ్యాయామము చేయుటకు నిలిపిన కొయ్యచట్రము బందీలను హింసించు సాధనమయ్యెను. 14,000 మందికి పైగా ఇచ్చట బంధింపబడిరి. బ్రతికి బయటపడినవారు మిక్కిలి కొద్దిమంది. పెక్కుమందిని నగరము వెలుపల చోయుంగ్ ఏక్ అను చోటికి కొనిపోయి చంపిరి. అచ్చట నేడొక స్మారకస్తూపము కలదు. బందీలు వచ్చినపుడు తీసిన ఛాయాచిత్రములు తరగతి గోడలపై వరుసలుగా నున్నవి. అందు స్త్రీలు కలరు, వృద్ధులు కలరు, ఎనిమిదవ తరగతి చదువవలసిన వయస్సు పిల్లలును కలరు.

వినోదమునకై వచ్చిన యాత్రికుడు ఇట్టిచోటికి పోవచ్చునా? పోరాదని కొందఱందురు. పరుల దుఃఖము వింతవస్తువు కారాదు గదా యని వారి వాదము. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. అచ్చట నవ్వరాదని తెలుపు చిత్రఫలకమొకటి కలదు. అట్టి ఫలకము పెట్టవలసివచ్చుటయే కొందఱి నడవడిని తెలుపుచున్నది. కాని ఆ పాఠశాల 1980లో ప్రదర్శనశాలగా తెఱవబడినది. బ్రతికినవారిలో వాన్ నాత్ అను చిత్రకారుడొకడు. పోల్ పాట్ రూపమును చిత్రింపగలవాడగుటచే అతనిని చంపక మిగిల్చిరి. విడుదలయైన తరువాత అతడు తాను చూచినదానిని చిత్రములుగా వ్రాసెను. 2011లో మరణించువఱకు ఆ కథను లోకమునకు చెప్పెను. ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో ఏర్పడిన న్యాయస్థానము 2010లో ఆ చెఱసాల అధిపతిని దోషిగా నిర్ణయించినది. 2025లో ఈ స్థలము ప్రపంచ వారసత్వపు పట్టికలో చేర్పబడినది. బాధపడినవారే చూడుడని పిలుచుచున్నపుడు ముఖము త్రిప్పికొనుట మర్యాద కాదు. మౌనముగా నడచుట, తొందరపడక చదువుట, ఒక్కొక్క ముఖమును మనుష్యుని ముఖముగా చూచుట, ఇదియే అచ్చట అతిథిధర్మము.

అట్లని దీనిని మాత్రమే చూచి మరలిపోవుటయు తగదు. అది బ్రతికియున్న నగరమును శ్మశానముగా ఎంచుట యగును. రాజనర్తకుల నాట్యమును చూచినచో ఇది తెలియగలదు. ఆ నాట్యమున వ్రేళ్ళను వెనుకకు వంచి ఆకును, పువ్వును, పండును చూపుదురు. ఆ విద్య నెఱిగిన గురువులలోను నర్తకులలోను అధికభాగము ఆ నాలుగేండ్లలో మరణించిరి. మిగిలిన కొలదిమంది, జ్ఞాపకమునందున్న అభినయములను ఒకరికొకరు గుర్తుచేసికొని, బాలికలకు మరల మొదటినుండి నేర్పిరి. 2003లో యునెస్కో సంస్థ ఆ నాట్యమును మానవజాతి యొక్క అమూల్య వారసత్వముగా ప్రకటించినది. నేడు సాయంకాలములందు దానిని చూచువారు నర్తకి చేతివ్రేళ్ళను మాత్రమే చూతురు. ఆ వ్రేళ్ళు ఎంత శ్రమపై మరల వంగినవో తెలిసి చూచువాని ఆనందము వేఱు.

నగరపు నదియందును ఇట్టి వింత యొకటి కలదు. వానకాలమున మెకాంగ్ పొంగగా టోన్లే సాప్ నది ఎదురుతిరిగి, వచ్చిన సరస్సులోనికే ప్రవహించును. సరస్సు పలుమడుగులు విస్తరించును. వానలు తగ్గిన పిదప నది మరల తన త్రోవను పట్టును. కార్తికపూర్ణిమ నాటికి, వారి 'కదెక్' మాసమున, నీటిపండుగ జరుపుకొందురు. పొడవైన పడవలపై పదులకొలది తెడ్లు ఒక్కసారిగా లేచుచు పడుచుండగా, దేశము నలుమూలలనుండి వచ్చిన జనము ప్రాసాదము ముందటి ఒడ్డున క్రిక్కిఱిసి కేకలు వేయును.

నాలుగు నదీముఖములుగల నగరమును ఒక్క ముఖముననే చూచినవాడు దానిని చూడనివాడే. గుడిని, బజారును, నాట్యమును, దుఃఖమును కలిపి చూడవలెను. తూల్ స్లేంగ్ వాకిటినుండి వెలుపలికి వచ్చిన యాత్రికునకు, తెల్లని చొక్కాలు, నీలివస్త్రములు ధరించి, పుస్తకములతో గుంపులుగా పోవు బాలబాలికలు ఆ నగరపు వీధులలో ఎదురగుదురు. ఎక్కడికని అడిగినచో, వారి నోట వచ్చు మాట 'సాలా'.