‘టక్’మనే చప్పుడు

అది 2012 వేసవి. కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియని రోజులు. కృష్ణా జిల్లాలోని మా ఊళ్లో అమ్మ పక్షవాతంతో మంచం పట్టి అప్పటికి ఏడు నెలలు. కుడిచెయ్యి లేవదు, మాట రాదు. రాత్రి ఫ్యాను ఆగిపోతే చెమటలో తడుస్తూ అలాగే పడుకునేది తప్ప ఎవర్నీ పిలవలేకపోయేది.

అందుకని నాన్న 12 వోల్టుల చిన్న ఫ్యాను, ఒక బ్యాటరీ కొని మంచం పక్కన పెట్టారు. కరెంటు పోగానే లేచి, చీకట్లో తడుముకుంటూ వెళ్లి స్విచ్చి వేసేవారు. వచ్చాక మళ్లీ లేచి తీసేవారు. రాత్రికి మూడు నాలుగుసార్లు ఇదే పని. ఆయనకప్పుడు 72 ఏళ్లు. ఇన్వర్టర్ కొంటానంటే, ‘‘ఒక్క ఫ్యానుకి అంత దండగెందుకురా’’ అనేవారు. ఓ రాత్రి గడప తగిలి పడ్డారు. మోకాలు చిట్లింది. ఆ సంగతి కూడా పక్కింటి పిన్ని ఫోన్ చేస్తేనే నాకు తెలిసింది.

ఆ శనివారమే హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్లి ఒక రిలే కొన్నాను. నీలంరంగు డబ్బీ. అగ్గిపెట్టెలో సగం కూడా ఉండదు. ఇరవై రూపాయల లోపే. లోపల ఉండేది ఓ తీగచుట్ట, చిన్న ఇనుపరేకు. చుట్టలో కరెంటు పారితే అది అయస్కాంతమై రేకును లాగుతుంది. ఆగితే స్ప్రింగు ఆ రేకును వెనక్కి తీసుకుంటుంది. మొత్తం ఐదు కాళ్లు. రెండు చుట్టవి, ఒకటి కామన్. మిగతా రెండింటిలో ఒకటి చుట్టకు కరెంటు ఉన్నప్పుడు కామన్‌తో కలుస్తుంది, రెండోది లేనప్పుడు కలిసి ఉంటుంది.

ఊరెళ్లి, గోడ ప్లగ్గులో 12 వోల్టుల అడాప్టర్ పెట్టి దాని తీగలు చుట్టకిచ్చాను. 230 వోల్టుల జోలికి మాత్రం పోలేదు. బ్యాటరీ నుంచి ఫ్యానుకెళ్లే తీగను రిలే గుండా తిప్పి ధీమాగా స్విచ్చి వేశాను. కరెంటు ఉన్నంతసేపూ బ్యాటరీ ఫ్యాను గిర్రున తిరిగింది. ప్లగ్గు పీకగానే ఆగిపోయింది!

నాన్న నవ్వారు. ఆయన తంతి శాఖలో పనిచేసి రిటైరైన మనిషి.

‘‘ఒరేయ్, మాకు అన్నం పెట్టింది రిలేనేరా. అంత దూరం నుంచి వచ్చేసరికి లైన్లో కరెంటు నీరసించిపోయేది. ఆ కాస్త కరెంటుకే రిలే కదిలి ఇక్కడి బ్యాటరీని కలిపేది. అప్పుడు టకటకలు గట్టిగా వినపడేవి. నీకు కావాల్సింది కరెంటు లేనప్పుడు కలిసుండే కాలు. నువ్వు రెండోదానికిచ్చావు.’’

తీగ మార్చాను. ఆయన అంతటితో ఊరుకోలేదు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టించారు. మోటారు కదలబోయేటప్పుడు మామూలు కంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి రిలే మీద ఎన్ని ఆంపియర్లని రాసుందో చూడమన్నారు. పది. మా ఫ్యానుకు ఒకటి చాలు. ‘‘చుట్టలో కరెంటు తెగినప్పుడు వెనక్కి తన్నుతుందిరా’’ అంటూ చుట్ట రెండు కాళ్ల మధ్య ఓ డయోడు కూడా వేయించారు, గీత ఉన్న కొస ప్లస్ వైపు ఉండేలా.

ఆ రాత్రి రెండింటికి కరెంటు పోయింది. అడాప్టర్‌లో మిగిలిన కాస్తా అయిపోయేదాకా ఒక్క క్షణం ఆగి ‘టక్’మంది రిలే. ఫ్యాను తిరిగింది. అమ్మ నిద్ర చెదరలేదు. కానీ పక్క మంచం మీద నాన్న లేచి కూర్చున్నారు.

‘‘పడుకోండి నాన్నా. ఇక అదే చూసుకుంటుంది కదా’’ అన్నాను.

‘‘ఫ్యాను సంగతి చూసుకుంటుందిలేరా’’ అంటూ అమ్మ చెయ్యి సర్ది, కాసేపు అలాగే కూర్చున్నారు.

2013 జూలైలో టెలిగ్రాం సేవ ఆగిపోయింది. పేపర్లో ఆ వార్త చదివిన నాన్న గోడనున్న రిలే వైపు చూసి, ‘‘ఇక నువ్వూ నేనే మిగిలాం’’ అన్నారు.

మరుసటేడు అమ్మ వెళ్లిపోయింది. బ్యాటరీ, ఫ్యాను ఎవరికో ఇచ్చేశాం. రిలేను మాత్రం నాన్న విప్పనివ్వలేదు. కరెంటు పోయినప్పుడల్లా అది ‘టక్’మనేది. నాన్న లేచి కూర్చునేవారు.