ఎవరు చేస్తున్నారు?

"ఏదైనా వ్రాసివ్వండి డాక్టరుగారూ, మందుల చీటీ తప్ప" అని మన సంఘం కార్యదర్శిగారు మూడు నెలలుగా అడుగుతున్నారు. మొన్న ఉగాది భోజనాల దగ్గర, పులిహోర విస్తరి చేతిలో ఉండగా పట్టుకుని మాట తీసుకున్నారు. నాలుగు ఆరోగ్య సూత్రాలు వ్రాసి తప్పించుకుందామనుకున్నాను. కాని ఈ మధ్య మన సభ్యుల ఇళ్ళలో ఎవరింటికి వెళ్ళినా, మాట కంపెనీ బోనసులతో మొదలైనా పిల్లల చదువులతో మొదలైనా, చివరికి ఊళ్ళో ఉన్న అమ్మానాన్నల దగ్గరికే వస్తోంది. అందుకని మా ఇంటి సంగతే వ్రాస్తున్నాను.

మాది తెనాలి పక్క పల్లెటూరు. అక్కడ మంచాన పడ్డ మనిషిని చూడటానికి వచ్చినవాళ్ళు మొదట జబ్బేమిటని అడగరు. "ఎవరు చేస్తున్నారమ్మా?" అని అడుగుతారు. ఏం చేస్తున్నారన్నది ఆ ప్రశ్నలో ఉండదు, ఉండనక్కర్లేదు. లేపి కూర్చోబెట్టటం, ఒళ్ళు తుడవటం, పథ్యం వండి తినిపించటం, పక్కబట్టలు ఉతకటం, రాత్రి మూలుగు వినపడితే లేవటం - ఇదంతా ఆ ఒక్క "చేయటం"లో ఇమిడి ఉంటుంది.

1996లో మా నాయనమ్మ బావి దగ్గర జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆ తర్వాత రెండేళ్ళు మంచంలోనే ఉంది. అడిగినవాళ్ళందరికీ ఒకటే జవాబు: "కోడలు చేస్తోంది." అక్కడితో ఆ ప్రసంగం అయిపోయేది. ఆ కోడలు మా అమ్మ. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నీళ్ళ చెంబు అందించటం నా ఉద్యోగం. నాన్న బడి నుంచి వచ్చి, గుమ్మంలో నుంచుని, "ఎలా ఉందమ్మా?" అని అడిగి, జవాబు విని, పేపరు తీసుకుని అరుగు మీదికి వెళ్ళేవారు. ఆయన చెడ్డ కొడుకేం కాదు. తల్లంటే ప్రాణం. కాని ఆ "చేయటం" అనే క్రియకు తాను కూడా కర్త కావచ్చునని ఆయనకూ తోచలేదు, ఇంట్లో ఇంకెవరికీ తోచలేదు. ఆయన లెక్కల మాస్టారు. వ్యాకరణం ఆయన సబ్జెక్టు కాదు.

నేను గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి 2015లో జుబైల్ వచ్చాను. అప్పట్లో ఇక్కడ ఇంటర్నెట్ ఫోన్లకు అనుమతి లేదని మీలో పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. కార్డు కొనుక్కుని, నిమిషాలు లెక్కపెట్టుకుని మాట్లాడేవాళ్ళం. 2017 సెప్టెంబరులో ప్రభుత్వం ఆ నిషేధం ఎత్తివేసింది. మెల్లగా ముఖాలు చూస్తూ మాట్లాడుకోవటం అలవాటయింది. "పెద్దవాళ్ళని చూసుకుంటున్నావా?" అని ఎవరైనా అడిగితే "రోజూ చూస్తూనే ఉన్నానండీ" అని జవాబు చెప్పటం నేర్చుకున్నాను. చూసుకోవటానికీ చూడటానికీ మధ్య ఉన్న ఆ చిన్న "కో" ఎప్పుడు జారిపోయిందో గమనించలేదు.

2020 మార్చి 15న సౌదీ అరేబియా అంతర్జాతీయ విమానాలు ఆపింది. వారం తిరిగేసరికి మన దేశమూ ఆపింది. ఏప్రిల్‌లో ఒక తెల్లవారుజామున మా నాన్నకు పక్షవాతం వచ్చింది. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపల పడాలి. ఆ లాక్‌డౌన్‌లో కారు దొరికి, దారిలో పోలీసులకు చెప్పుకుంటూ పెద్దాసుపత్రికి చేరేసరికి ఏడు గంటలు పట్టింది. అదంతా నేను ఇక్కడ కోవిడ్ వార్డు బయట నుంచుని ఫోనులో విన్నాను.

కుడి చెయ్యి, కుడి కాలు, వాటితోపాటు మాట పోయాయి. చాలామందిలో మాటకు సంబంధించిన భాగం మెదడుకు ఎడమవైపు ఉంటుంది. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు ఈ సంగతి తేల్చాడు. ఆయన రోగి "టాన్" అనే ఒక్క శబ్దం తప్ప ఏమీ పలకలేకపోయేవాడు. చనిపోయాక మెదడు పరీక్షిస్తే ఎడమవైపు ముందు భాగంలో దెబ్బ కనపడింది. ముప్ఫై ఆరేళ్ళు పాఠాలు చెప్పిన మా నాన్నకు మిగిలిన మాట "అదీ". అన్నం కావాలన్నా అదే, వద్దన్నా అదే.

అమ్మకు అప్పటికే మోకాళ్ళు పట్టేశాయి. చెల్లెలు డల్లాస్‌లో ఉంది. నేనిక్కడ. మనిషిని పెట్టాం. చూడండి, మా నాయనమ్మకు అమ్మ "చేసింది". నాన్నను మేము "చూస్తున్నాం". చేయటానికి మనిషిని "పెట్టాం". ఒక తరంలో మా ఇంటి క్రియాపదాలు ఇలా మారాయి.

తీసుకొచ్చి మీ దగ్గర పెట్టుకోవచ్చు కదా అని మీరనవచ్చు. నేనూ అనుకున్నాను. ఇక్కడ కుటుంబ సభ్యుల మీద 2017లో నెలకు వంద రియాళ్ళతో మొదలైన రుసుము 2020 నాటికి నాలుగు వందలయింది. అది సాకు. అసలు సంగతేమిటంటే, నేనూ నా భార్యా ఇద్దరం డ్యూటీలకు పోతే, తెచ్చినా ఇక్కడా ఆయనకు మనిషిని పెట్టటమే.

వచ్చినావిడది కోనసీమ. యాభై ఏళ్ళుంటాయి. పేరు వ్రాస్తే ఒప్పుకోదు. పదకొండేళ్ళు కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేసింది. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళు వేలల్లో ఉన్నారని మీకు తెలిసిందే. అక్కడ పక్షవాతం వచ్చిన ఒక ముసలామెకు ఆరేళ్ళు చేసింది. ఆ సమయంలోనే ఇక్కడ తన తల్లి పోతే ఆఖరిచూపుకు రాలేకపోయింది. ఈ ముక్క చాలా రోజుల తర్వాత మా అమ్మకు చెప్పిందట.

నేను రోజూ మన సాయంత్రం ఆరింటికి, అక్కడ ఎనిమిదిన్నరకు, ఫోను చేసేవాణ్ణి. "బీపీ ఎంత ఉంది? మోషన్ అయిందా? వీపు మీద పుండ్లేమన్నా పడుతున్నాయా? నాన్నా, చెయ్యి ఎత్తండి. ఇంకొంచెం." ఇలా సాగేది నా ప్రేమ. రెండు వారాలకు నాన్న నా ఫోను రాగానే గోడ వైపు తిరగటం మొదలుపెట్టారు. జబ్బు వల్ల వచ్చిన దిగులేమోనని ఆ మందు కూడా పెంచుదామనుకున్నాను. అప్పుడావిడ ఫోను పక్కకు తీసుకెళ్ళి, "డాక్టరు బాబూ, ఆ అడిగేవన్నీ నన్నడగండి, నేను రాసిపెట్టి చెబుతాను. మాస్టారితో మటుకు ఊళ్ళో సంగతులేవైనా మాట్లాడండి. ఆయ్" అంది.

ఊళ్ళో సంగతులు నాకేం తెలుసు? అమ్మను అడిగి తెలుసుకుని నాన్నకు చెప్పటం మొదలుపెట్టాను.

ఒకరోజు మాట్లాడటం అయ్యాక వాళ్ళు ఫోను కట్టెయ్యటం మరిచిపోయారు. వరండాలో నడిపిస్తున్నట్టున్నారు. అడుగులు వినపడుతున్నాయి. ఆవిడ "పన్నెండు రెళ్ళు" అంటోంది. "ఇరవై నాలుగు" అన్నారెవరో. "పన్నెండు మూళ్ళు." "ముప్ఫై ఆరు." అది మా నాన్న గొంతు. నేను ఆసుపత్రి కారు పార్కింగులో చాలాసేపు కూర్చుండిపోయాను.

కంఠతా వచ్చినవి - అంకెలు, ఎక్కాలు, పాటలు, ప్రార్థనలు - మాట పోయినవాళ్ళలో కూడా చాలాసార్లు మిగిలి ఉంటాయి. ఇది నేను పుస్తకంలో చదివాను, పరీక్షలో వ్రాశాను, మార్కులు తెచ్చుకున్నాను. సొంత తండ్రి విషయంలో తోచలేదు. కువైట్ ముసలామె మాట పోయినా నమాజు మాటలు చెప్పుకోవటం చూసి, లెక్కల మాస్టారికి ఎక్కాలు వచ్చే ఉంటాయని ఆవిడ పట్టుకుంది. "అదీ"లో కూడా నాలుగు రకాలున్నాయని, చివర దీర్ఘం తీస్తే దాహమని, పొట్టిగా విరిస్తే విసుగని ఆవిడ చెప్పాకే అమ్మకు కూడా తెలిసింది.

ఆ రోజుల్లోనే ఇక్కడ మా వార్డులోకి ఒక సౌదీ పెద్దాయన వచ్చాడు. నర్సులు "యా అమ్మీ" అని పిలిచేవారు. కొత్తలో ఆ పిలుపు విని, మగమనిషిని అమ్మా అంటారేమిటని నవ్వుకున్నాను. అరబ్బీలో "అమ్మ్" అంటే నాన్నకు తోబుట్టువు, మన పెదనాన్నో బాబాయో. తల్లి తోబుట్టువుకు "ఖాల్" అని వేరే మాట ఉంది, మనకు మేనమామ ఉన్నట్టు. ఆ తేడాలు పోగొట్టుకుని అందర్నీ "అంకుల్" అంటున్నది జుబైల్‌లో మన పిల్లలే. సరే, ఆ పెద్దాయన ఏదో గొణుగుతున్నాడు. పక్కనే కొడుకు, పెట్రోకెమికల్ ఫ్యాక్టరీలో ఇంజనీరు, రెండు ఫోన్లతో ఉన్నాడు. "నాన్నగారికి నొప్పి ఎక్కడ?" అని అడిగాను. అతను వెనక్కి తిరిగి, ఇంటి పనికి ఇండొనేషియా నుంచి వచ్చినావిడ వైపు చూశాడు. ఆవిడ, "నొప్పి కాదు డాక్టర్. తెర తియ్యమంటున్నారు. అస్ర్ నమాజు వేళయింది" అంది, వచ్చీరాని అరబ్బీలో. ఆ కొడుకు ముఖం చూసి నాకు కోపం రాలేదు. నా ముఖమే చూసినట్టయింది.

మన దేశంలో తల్లిదండ్రుల పోషణకు 2007లో చట్టం చేశారు. చూడని పిల్లల చేత నెలకు పదివేల రూపాయల దాకా ఇప్పించవచ్చని అందులో ఉంది. ఆ డబ్బు మనమందరం చట్టం అడక్కుండానే పంపుతున్నాం. కాని మంచంలోని మనిషి మాట, డబ్బు పంపినవాడికి అర్థం కాదు. నోట్లో ముద్ద పెట్టినవాళ్ళకు అర్థమవుతుంది.

ఆ డిసెంబరులో మూడు వారాలు సెలవు దొరికింది. మొదటిరోజు నాన్నకు నేనే అన్నం పెడతానన్నాను. మూడో ముద్దకు పొరబోయి ఉక్కిరిబిక్కిరయ్యారు. "గెడ్డం కిందకి దించమనండి బాబూ. ముద్ద ఎడమ బుగ్గలోకి పెట్టండి. మింగారో లేదో చూసి మరీ ఇంకోటి" అని ఆవిడ నా చెయ్యి పట్టుకుని నేర్పింది. ఇవే మాటలు నేను వార్డులో రోజూ బంధువులకు చెబుతాను. నా చేతులకు మాత్రం తెలియవు. మర్నాటి నుంచి ఒళ్ళు తుడవటం, బట్టలు మార్చటం నేర్చుకున్నాను. మొదట నాన్న సిగ్గుపడి నా చెయ్యి తోసేశారు. నాలుగో రోజుకు ఊరుకున్నారు. వారం తర్వాత ఆయన "అదీ" అంటే నేను కిటికీ తీశాను. కిటికీయే అడిగారు.

అది చూసి అమ్మ గుమ్మంలోంచి, "మీ నాయనమ్మకు మీ నాన్న ఒక్కరోజు కూడా చెయ్యలేదురా. ఈ ఇంట్లో మగవాడు చెయ్యటం ఇదే మొదలు" అంది. మెచ్చుకుందో, ఇరవై నాలుగేళ్ళ బాకీ జ్ఞాపకం చేసిందో నాకు తెలియలేదు. రెండూ అయి ఉండవచ్చు. పాతకాలం బంగారమని నేనూ అనేవాణ్ణి. అమ్మ చేసిన రెండేళ్ళకు జీతం లేదు, సెలవు లేదు, కనీసం ఒక పేరు లేదు. ఇవాళ ఆ పనికి పేరూ వేళలూ జీతమూ వచ్చాయంటే అందులో చెడ్డేమీ లేదనే ఇప్పుడు అనుకుంటున్నాను.

నాన్న 2023లో పోయారు. నేను వెళ్ళేసరికి ఆలస్యమయింది. చెల్లెలు దశదినానికి అందుకుంది. వచ్చినవాళ్ళు అలవాటుగా, "ఆఖర్న ఎవరు చేశారమ్మా?" అని అడిగారు. అమ్మ చెయ్యి చూపించి, "ఈ అమ్మాయి చేసింది. సెలవుకొచ్చి అబ్బాయీ చేశాడు" అని అదే వరస పెట్టి చెప్పింది. ఆ రోజు ఆడపడుచులకు బట్టలు పెట్టేటప్పుడు చెల్లెలి పక్కన ఆవిడను కూర్చోబెట్టి చీర పెట్టింది. ఆవిడ ఇప్పుడు గుంటూరులో ఇంకో ఇంట్లో చేస్తోంది. పండక్కి ఫోను చేస్తే నేను "అక్కా" అంటాను. తను ఇంకా "డాక్టరు బాబూ" అనే అంటుంది.

డాక్టరు వ్రాసిన వ్యాసానికి చివర ఒక చీటీ ఉండాలి కదా. మీ ఊళ్ళో మీ పెద్దవాళ్ళకు చేస్తున్న మనిషి పేరేమిటో, వారానికి ఒకరోజైనా ఆ మనిషికి సెలవుందో లేదో ఈ శుక్రవారం కనుక్కోండి. ఫోనులో పది నిమిషాలు ఆ మనిషితోనూ మాట్లాడండి. ఊరు వెళ్ళినప్పుడు ఆ పని దగ్గర కూర్చుని నేర్చుకోండి. ముఖ్యంగా మగవాళ్ళు. ఇక సెలవు.