దొంగ మందుల బెడదకి వేసిన తోట

పది రోజులుగా పోస్టు పెట్టలేదేంటని అడుగుతున్నారు. మావాడు ఇటలీలో పాదువా అనే ఊళ్లో చదువుకుంటున్నాడు. వాణ్ణి చూడ్డానికి నేనూ, మీ వదినా వెళ్లొచ్చాం.

చర్చీలు చూపిస్తానన్నాడు. "తోటేమన్నా ఉంటే చూపించరా" అన్నా. అక్కడి విశ్వవిద్యాలయం వాళ్ల మొక్కల తోటకి తీసుకెళ్లాడు. 1545లో వేశారంట. అంటే మన దగ్గర విజయనగర రాజుల కాలం. ఇప్పటికీ అదే చోట ఉంది.

ఎందుకు వేశారో విని అక్కడే నిలబడిపోయా. ఆ రోజుల్లో మందులు ఎక్కువగా మొక్కల నుంచే. ఒక ఆకు బదులు ఇంకో ఆకు అమ్మేవాళ్లు, కొందరు తెలియక, కొందరు తెలిసే. అందుకని వైద్యం చదివే పిల్లలు అసలు మొక్కని కళ్లారా చూసి గుర్తుపట్టాలని ఈ తోట వేశారు. మొక్కల దొంగలు ఎక్కువైతే చుట్టూ గుండ్రంగా గోడ కట్టారు. దొరికితే జరిమానా, జైలు, ఊరి నుంచి వెలి కూడా.

అద్దాల గదిలో 1585లో నాటిన చెట్టొకటి ఉంది. ఆకులు మన తాటాకుల్లా విసనకర్ర మాదిరి. జర్మనీ కవి గోథే 1786లో చూశాడని ఆయన పేరుతోనే పిలుస్తారు. మీ వదిన అంది, "మన చెరువుగట్టు తాళ్లు ఎవరు నాటారో రాసిపెట్టినోళ్లే లేరు" అని.

నాకు మాత్రం నా మిరప చేను గుర్తొచ్చింది. మూడేళ్ల కింద తక్కువకొస్తుందని బిల్లు లేకుండా విత్తనం కొన్నా. రెండెకరాలు. మొక్క ఏపుగా పెరిగింది, పూత బాగా పట్టింది. కాయ చూస్తే చెట్టుకో తీరు. చూడ్డానికొచ్చిన వ్యవసాయాధికారి "బిల్లుందా, ప్యాకెట్టుందా" అనడిగితే నా దగ్గర ఏదీ లేదు. తప్పు నాదే, ఎవర్ని అడగను?

విత్తనం చూసి రకం చెప్పగలిగినోడు మనలో ఎవడూ లేడు. కాయ చూస్తేనే తెలిసేది. అప్పటికి పెట్టుబడంతా నేలలో ఉంటుంది.

అందుకే చెబుతున్నా. బిల్లు అడిగి తీసుకోండి. ఖాళీ ప్యాకెట్టు, చిటికెడు విత్తనం పంట అమ్మేదాకా దాచండి. ఏ మడిలో ఏ రకం వేశారో కర్రకి రాసి గట్టు మీద పాతండి. ఊరికొచ్చిన మర్నాడే నేను పాతా. మావాళ్లు నవ్వారు. నవ్వనీండి.