అమ్మీ నడిచిన సడక్

అమ్మీ ఈమధ్య గడప దాటడం లేదు. మోకాళ్ల నొప్పులే కారణమనుకున్నాం. మొన్న ఈద్ బట్టలకని పత్తర్‌గట్టీ తీసుకెళ్లాను. అక్కణ్నుంచి గుల్జార్ హౌజ్ మీదుగా చార్మినార్ దాకా, దుకాణం దుకాణం దగ్గర ఆగుతూ, బేరాలాడుతూ గంటన్నర నడిచింది. ఒక్కసారి కూడా "హాయ్ అల్లా" అనలేదు!

"ఛావ్ మే చలే తో నై థక్తే బేటా" అంది. నీడలో నడిస్తే అలసట ఉండదట.

ఆ నీడ ఊరికే రాలేదు. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా ఈ షహర్‌కి బునియాద్ వేసినప్పుడు, నక్షా తయారుచేసింది ఆయన పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ అంటారు. నాలుగు సడక్‌లు కలిసే చోట చార్మినార్, దాని పై అంతస్తులో మస్జిద్, ఉత్తరాన నాలుగు కమాన్‌లు, వాటి నడుమ నీళ్ల హౌజ్, చుట్టూ బజార్. అయితే ఆ జమానాలో పల్లకీలూ గుర్రాలూ అమీర్లకే. గరీబులకు పైదల్ నడక తప్ప వేరే దారి లేదు. కాబట్టి అందులో గొప్పేముంది అనొచ్చు.

నాకు అసలు గొప్పగా అనిపించేది తర్వాతి సంగతి. 1908 సెప్టెంబర్‌లో మూసీ తూఫాన్ వేల ప్రాణాలు తీసుకుంది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. అప్పటికి మోటార్లు వచ్చేశాయి. బోర్డు రోడ్లు వెడల్పు చేసింది, నిజమే. కానీ పత్తర్‌గట్టీలో దుకాణాల ముందు రాతి కమాన్‌ల వరండా కూడా కట్టింది. బండికి సడక్ ఇచ్చి, మనిషికి సాయా ఇచ్చింది. కింద దుకాణం, పైన కాపురం. ఇళ్లూ దుకాణాలూ కలిసి ఉన్న వీధిలో ఎప్పుడూ ఎవరో ఒకరి నిగా ఉంటుందనీ, అదే వీధికి హిఫాజత్ అనీ 1961లో అమెరికాలో జేన్ జేకబ్స్ పుస్తకం రాసింది. అమ్మీ ఆ పుస్తకం చదవలేదు. చిన్నప్పుడు ఆ గల్లీల్లో ఒంటరిగా తిరిగింది, అంతే.

మా కొత్త కాలనీలో పాల ప్యాకెట్‌కి కూడా బండి తీయాలి. మస్జిద్‌కి వెళ్లాలంటే ఆరు వరసల రోడ్డు దాటాలి. అమ్మీని కూర్చోబెట్టింది మోకాళ్లు కాదు, మేం ఎంచుకున్న చోటు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. పోయిన నెల మా వీధిలో ఉన్న కాస్త ఫుట్‌పాత్‌నీ తీసేసి పార్కింగ్ చేద్దామని ఒక కాగితం తిప్పారు. కారుంది కదా అని నేనూ దస్తఖత్ చేశాను. అమ్మీకి చెప్పలేదు.

ఈ ఆదివారం మీటింగ్ ఉంది. నా దస్తఖత్ వాపస్ తీసుకుంటాను. ఆ రోజు అమ్మీని నడిపించుకునే తీసుకెళ్తాను. ఆమె ఎక్కడెక్కడ ఆగిపోతుందో వాళ్లూ చూడనీ.