ఐదు నుంచి ఐదున్నరకు

మా అబ్బాయి కుటుంబం టోక్యో మహానగరంలో, ఎదోగావా వార్డులోని నిషి-కసాయ్ అనే పేటలో ఉంటుంది. ఆ పేటలో మన దేశస్థులు చాలామంది ఉన్నారు. కందిపప్పుకు, కరివేపాకుకు లోటు లేదు. లోటల్లా తెలుగుకే. అందుచేత కిందటేడు అక్కడ మూడు నెలలున్నప్పుడు పద్నాలుగేళ్ళ మనవరాలికీ నాకూ ఒక ఒప్పందం కుదిరింది. రోజూ సాయంకాలం నేనొక పద్యం చెప్పాలి, తానొక పాట వినిపించాలి.

మొదటి వారంలోనే వినిపించిన పాట ‘ఫస్ట్ లవ్’. ఉతదా హికారు అనే గాయని తానే వ్రాసి, తానే స్వరపరచి, 1999లో పాడినది. అప్పటికి ఆమెకు పదహారేళ్ళు. అదే పేరుగల ఆల్బమ్ జపానులో 70 లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. అర్థం చెప్పమంటే మా పిల్ల మొదటి పాదం దగ్గరే నసిగింది. ప్రేయసీప్రియుల నడుమ పొగాకు వాసన ప్రసక్తి ఉందిలెండి. తాతతో చెప్పదగినది కాదనుకున్నది కాబోలు. నేనూ రెట్టించలేదు.

నాకు శాస్త్రీయ సంగీతం రాదు. చిన్నతనంలో మా ఊళ్ళో పద్యనాటకాలు ఆడేటప్పుడు హార్మనీ వాయించే ఆయన పక్కన చాప మీద కూర్చొని సంపాదించిన శ్రుతిజ్ఞానం మాత్రం కొద్దిగా ఉంది. ఆ జ్ఞానంతో చూస్తే ఈ పాట ఐదు శ్రుతిలో నడుస్తున్నది. కళ్ళు మూసుకొని వింటున్నాను. ఆఖరిసారి పల్లవి వచ్చేసరికి ఉలిక్కిపడ్డాను. ఆధార షడ్జమం ఉన్నచోట లేదు. ఐదు కాస్తా ఐదున్నర అయి కూర్చున్నది.

“శ్రుతి తప్పిందమ్మలూ” అన్నాను.

“తప్పలేదు తాతయ్యా, మార్చారు. దీన్ని తెన్‌చో అంటారు” అన్నది నవ్వుతూ. ‘తెన్’ అంటే తిరుగుట, ‘చో’ అంటే శ్రుతి, మేళనం అన్న అర్థమట. తిరుగుడుశ్రుతి అని తెనిగించుకున్నాను. అంత బాగా కుదరలేదు గాని, మరొకటి తోచలేదు.

మనకు షడ్జమం కదలదు. రాగమాలికలో రాగాలెన్ని మారినా తంబురా ఒక్కటే మాట అంటూ ఉంటుంది. గ్రహభేదంలో గాయకుడు మరొక స్వరాన్ని షడ్జమంగా భావించి కాసేపు వేరే రాగపు ఛాయ చూపిస్తాడు, జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం, బాలమురళీకృష్ణ గార్లు ఇందులో ఘనులు. ఐనా తంబురా మాత్రం చెక్కు చెదరదు, గాయకుడు ఇల్లు చేరక తప్పదు. ఈ జపాను పాటల్లోనో, ఇల్లే లేచి పక్క వీథికి పోతుంది. తిరిగి రాదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టక, ఇటువంటిది నేనెక్కడ చూశానా అని ఆలోచిస్తే ఛందస్సులో దొరికింది. మహాకావ్యంలో సర్గమంతా ఒక వృత్తంలో నడిచి, చివరి శ్లోకం వేరొక వృత్తంలో ఉండాలని మన ఆలంకారికుల నియమం. రఘువంశంలో ద్వితీయసర్గ అంతా ఉపజాతులలో సాగుతుంది. దిలీపుడు ఆవును కాస్తాడు, సింహానికి తన దేహం ఇవ్వజూపుతాడు, వరం పొందుతాడు. చిట్టచివర మాలినీవృత్తం వస్తుంది. ఆ శ్లోకంలో జరిగేది ఏమిటి? సుదక్షిణాదేవి గర్భం ధరిస్తుంది. అంతవరకు లేని ప్రాణం ఒకటి కథలోకి వచ్చింది గనుక నడక మారింది. నియమం ఆలంకారికులది, ఔచిత్యం కాళిదాసుది. నియమం కోసమే మాలిని పెట్టిన కవులూ ఉన్నారు. వారి పేర్లు వ్రాస్తే వారి అభిమానులు నొచ్చుకుంటారు, వదిలేద్దాం.

మరునాడు ఆ పాటను మళ్ళీ పెట్టించుకొని, శ్రుతి ఎక్కడ మారిందో ఆ చోటు చూశాను. రెండవ పల్లవి తరువాత చిన్న ఖండిక ఒకటి ఉంది. నిలిచిపోయిన కాలాన్ని గూర్చిన ఊసు అక్కడ వస్తుంది. అది ముగిసేసరికి పల్లవి అర మెట్టు పైన లేచింది. ఆ కాలం ఇక నిలిచి ఉండదు, ప్రియుడు గతంలోకి వెళ్ళిపోయాడు, పాడే పిల్ల మాత్రం ముందుకు నడవాలి. అందుకు ఐదు శ్రుతిలోనే ఆగిపోయి ఉంటే ఒప్పదు. నిజమైన సర్గాంతం అంటే ఇది.

ఆ పైన మా పిల్ల నన్ను వదలలేదు. రోజుకొకటి తెచ్చిపెట్టేది. అన్నీ నచ్చాయని చెప్పను. ఆఖరి పల్లవిని అర శ్రుతి ఎత్తడం ఆ దేశపు పాటల్లో చాలా చోట్ల ఒక అలవాటుగా మారింది. నాలుగు వింటే ఐదోదానిలో ఎక్కడ ఎత్తుతారో ముందే చెప్పవచ్చు. ఒకరోజు వేలు చూపించి “ఇదిగో, ఇప్పుడు” అన్నాను, సరిగ్గా అప్పుడే లేచింది. పిల్ల చిన్నబుచ్చుకున్నది.

నన్ను ఓడించినది ‘యోరు ని కకేరు’. యోఅసోబి అనే జంట 2019 చివర విడుదల చేసిన పాట. 2020లో జపాను బిల్‌బోర్డ్ వార్షిక పట్టికలో అదే మొదటిది. అయాసే అనే అతడు స్వరపరచగా ఇకురా అనే అమ్మాయి పాడింది. మయో హోషినో వ్రాసిన ఒక చిన్నకథ దానికి మూలం. పైకి హుషారుగా పరుగెత్తుతుంది, లోపలి కథ మాత్రం చావును గూర్చినది. రెండున్నర శ్రుతిలో నడిచిన పాట చివరి పల్లవికి పైకి లేవవలసింది పోయి, ఒకటికి దిగిపోయింది. నేను చూపిన వేలు గాలిలోనే ఉండిపోయింది. ఇంతలో అక్కడినుంచి ఒక్క దూకున మూడు మీదికి ఎక్కింది. మూడు అర్ధస్వరాలు దిగి నాలుగు ఎక్కుట. లెక్క కూడితే మిగిలేది అరశ్రుతే, మిగతావారంతా మెట్టెక్కి చేరుకునేదే. ఐనా దిగి ఎక్కినవాడి ఆయాసం వేరు.

మా అబ్బాయి ఫూజీ పర్వతం చూపించడానికి చూవో ఎక్స్‌ప్రెస్ రహదారి మీద తీసుకువెళ్ళినప్పుడు, ఆ రహదారి పేరిటే ఉన్న ‘చూవో ఫ్రీవే’ పాట పెట్టాడు. అరాయ్ యూమి 1976లో పాడినది. దీనిలో శ్రుతి మారుతుందని మనవరాలు ముందే చెప్పింది. ఫూచూ గుర్రప్పందేల మైదానం దాటాము, బీరు కర్మాగారం దాటాము, పాటా అయిపోయింది. ఎక్కడ మారిందో నాకు చిక్కలేదు. కారు మలుపు తిరిగినట్లు ఒంటికి తెలిసింది గాని చెవికి తెలియలేదు. సంధి జరిగినట్టే తెలియకుండా సంధి చేయడం నన్నయగారికి తెలుసు. ఈమెకూ తెలుసు.

ఇంతవరకు వ్రాసి ఆపవచ్చు. కాని ఈ వ్రాత మొదలుపెట్టినది వేరొక సంగతి చెప్పడానికి.

1991లో నేను ఒక జిల్లా పరిషత్ హైస్కూలులో తెలుగు పండితుణ్ణి. వార్షికోత్సవానికి సాంస్కృతిక కార్యక్రమాల బాధ్యత నాది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక లలితగీతం పాడుతున్నది. మా డ్రాయింగు మాస్టరు హార్మనీ. అభ్యాసం నాడు ఆఖరి చరణంలో హార్మనీ అర కట్ట పైకి జరిగింది, అమ్మాయి గొంతూ దానితో పాటే లేచింది. నేను చెయ్యెత్తి ఆపాను. “శ్రుతి తప్పావమ్మా, కూర్చో” అన్నాను, నలభైమంది పిల్లల ఎదుట.

డ్రాయింగు మాస్టరు మెల్లగా, “లేదండీ, మేమిద్దరం అనుకునే చేశాం” అన్నారు.

“అనుకుని తప్పినా తప్పు తప్పేనండీ” అన్నాను. పిల్లలు నవ్వారు. నా చమత్కారానికి నేనూ లోలోపల మెచ్చుకున్నాను.

వార్షికోత్సవం నాడు ఆ అమ్మాయి పేరు రెండుసార్లు పిలిచాను. వేదిక మీదికి రాలేదు. ఆ ఏడు, ఆ పైయేడు కూడా పాడలేదు. డ్రాయింగు మాస్టరు తరువాత నాతో మామూలుగానే మాట్లాడేవారు గాని, హార్మనీ పెట్టె మళ్ళీ బడికి తేలేదు. నేను దానిని గూర్చి ముప్పై ఏళ్ళు తలచుకోలేదు. ‘ఫస్ట్ లవ్’ చివరి పల్లవి దగ్గర నేనన్న మాటకు మనవరాలు నవ్వినప్పుడు మొదట గుర్తుకు వచ్చినది ఆ చరణమే. అందులో సెలవు పుచ్చుకునే మాట ఒకటి ఉండేది. వారు ఎత్తినది సరిగ్గా అక్కడే.

మనవరాలికి చెప్పాను. ఏమీ అనలేదు. తిరుగు ప్రయాణానికి నాలుగు రోజుల ముందు, “మీరు ఒకసారి పాడి చూడండి తాతయ్యా” అని కారావోకే గదికి తీసుకువెళ్ళింది. ‘కారా’ అంటే ఖాళీ, ‘ఓకే’ అన్నది ఆర్కెస్ట్రా తోక కత్తిరించిన ముక్క. మన వ్యాకరణం ప్రకారం శుద్ధ వైరిసమాసం. 1971లో కోబేలో ఇనోవే దైసుకే అనే వాద్యకారుడు ఈ యంత్రాన్ని చేసి, పేటెంటు మాత్రం తీసుకోలేదు. ఇప్పటి యంత్రానికి శ్రుతి పెంచడానికీ తగ్గించడానికీ మీటలున్నాయి. తంబురా బిగించడానికి అరగంట పట్టే మన కచేరీలు గుర్తుకొచ్చి నవ్వుకున్నాను.

జపాను లిపి నాకు రాదు గదా. పిల్ల ఆ పాటంతా తెలుగు లిపిలో వ్రాసి తెచ్చింది. రెండు కాగితాలు. ఒత్తులు కొన్నిచోట్ల అక్షరానికి దూరంగా జరిగి ఉన్నాయి, దీర్ఘాలు మాత్రం ఒక్కటీ తప్పలేదు. జేబులో ఎర్ర సిరా కలం ఉన్నది. తీయలేదు.

నా గొంతుకు తగినట్లు ఐదు మీటలు తగ్గించింది. పల్లవులు రెండూ ఎలాగో దాటాను. ఆ చిన్న ఖండిక వచ్చింది, పోయింది. వాద్యం అర మెట్టు లేచింది. నా గొంతు లేవబోయి, సగంలో చీలి, ఎక్కడో పడింది.

“ఈసారి నిజంగానే తప్పింది తాతయ్యా” అంటూ మరొక మీట తగ్గించి, పాట మళ్ళీ మొదటినుంచి పెట్టింది.