బీరువాలో ముసురు

మా పుల్లలచెరువులో వానకోసం మొగం వాచి ఉంటాం. అలాంటి ఊళ్ళో బీరువాలో తేమ చేరిందంటే నవ్వుతారు కదూ! నవ్వండి. ఆ రోజు నాకు మాత్రం ఏడుపొచ్చింది.

అడవిపందుల బెడదకని మామయ్యగారు లైసెన్సు తీసుకున్న సింగిల్ బ్యారెల్ తుపాకీ మా ఇనప బీరువాలోనే ఉంటుంది. ఆయనకది నాకంటే ముందు ఆ ఇంటికొచ్చిన పెద్దకోడలు. మొన్న కార్తీకంలో ముసురు పట్టినప్పుడు, ఆరీ ఆరని పట్టుచీర మడిచి పై అరలో పడేశాను. పదిరోజులకి తీస్తే గొట్టంమీద చెమటకాయల్లా తుప్పు!

మామయ్యగారు ఒక్క మాటా అనలేదు. అదే నాకు భయమేసింది.

తలుపు బిగిస్తే తేమ లోపలికి రాదనుకున్నాను గానీ, లోపలున్నది బయటికీ పోదని తోచలేదు. పైగా ఆ తోలు సంచీ ఒకటి, తేమని పీల్చుకుని గొట్టాన్ని అంటిపెట్టుకుని కూర్చుంది. అత్తయ్యగారు ఉప్పుగిన్నె పెట్టమన్నారు. ఉప్పు నీరు లాగుతుంది, నిజమే. ఇనుముని తినేదీ అదే.

చివరికి మా అబ్బాయి నీలం పూసల సిలికాజెల్ తెచ్చాడు. తేమ తాగితే గులాబిరంగుకి తిరుగుతాయి. వేడిచేస్తే మళ్ళీ నీలం. వంటగిన్నెలో మాత్రం వేడి చెయ్యకండి, ఆ నీలం కోబాల్టుది, విషం. పక్కనే తేమ చూపే మీటరొకటి. ముల్లు యాభై దగ్గరుంటే చాలు. మరీ ఎండితే చెక్కపిడి బీటలిస్తుందట.

ఎరుపు పోయింది. చిన్న గుంట మిగిలింది. మామయ్యగారి నూనెగుడ్డ అక్కడికి రాగానే ఓ క్షణం ఆగుతుంది. నాకు అప్పుడే వంటింట్లో పని గుర్తొస్తుంది.