పిన్నీసు కనపడాలి!

పంక్ బట్టలు అని ఫోన్లో వెతికితే ఎప్పుడూ ఒకటే బొమ్మ వస్తుంది. నల్ల లెదర్ జాకెట్, దాని నిండా స్టడ్స్, మోకాళ్ల దగ్గర చిరిగిన జీన్స్, బరువైన బూట్లు. మొత్తం సెట్‌గా అమ్ముతారు కూడా. మే నెలలో అదంతా వేసుకుని హైదరాబాద్ సిగ్నల్ దగ్గర బండి మీద రెండు నిమిషాలు ఆగి చూడండి, సరదా తీరిపోతుంది. నాకు 28 ఏళ్లు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాలుగేళ్లుగా ఆఫీసుకీ, శనివారం రాత్రి షికార్లకీ పంక్‌లోనే తిరుగుతున్నా. లెదర్ జాకెట్ మాత్రం ఇప్పటిదాకా కొనలేదు.

అసలు ఇది సెట్‌గా కొనుక్కునే వ్యవహారం కానే కాదు. 1970ల మధ్యలో న్యూయార్క్‌లో రిచర్డ్ హెల్ అనే గాయకుడు చిరిగిన చొక్కాలకు పిన్నీసులు పెట్టుకుని స్టేజీ ఎక్కేవాడు. అది చూసిన మాల్కమ్ మెక్‌లారెన్ ఆ ఐడియాని లండన్‌కి మోసుకెళ్లాడు. కింగ్స్ రోడ్డులో 430 నంబరు షాపు ఆయనదీ, డిజైనర్ వివియన్ వెస్ట్‌వుడ్‌దీ. అక్కడి బట్టలు ఖరీదైనవి. కొనలేని కుర్రాళ్లు ఇంట్లో ఉన్న పాత చొక్కాలూ, స్కూల్ బ్లేజర్లూ తీసి వాళ్లే రంగులేసుకున్నారు, వాళ్లే పిన్నీసులు గుచ్చుకున్నారు. నాకు నచ్చిన పంక్ ఆ పిల్లలది. షాపుది కాదు.

పైగా పిన్నీసుని మనకి ఎవరూ పరిచయం చెయ్యక్కర్లేదు కదా! మా అమ్మ గాజుకి ఎప్పుడూ నాలుగైదు వేలాడుతుంటాయి. పెళ్లిలో ఎవరి పైట జారినా, ఎవరి హుక్ ఊడినా చెయ్యి చాపేది అమ్మే. నా మొదటి మూడు పిన్నీసులూ ఆ గాజు నుంచే లాగా. నల్ల కాటన్ చొక్కా కాలర్‌కి వరసగా పెట్టుకుని వస్తే అమ్మ ఎగాదిగా చూసింది.

"అదేంటే, పిన్నీసు లోపలికి కదా పెట్టుకుంటారు? కనపడితే పరువు పోదూ?"

కిటుకంతా అందులోనే ఉంది. అందరూ దాచేది వీళ్లు బయటపెట్టారు.

అమ్మతో అయితే ఇలా నవ్వులతో సరిపోయింది గానీ, నాన్న దగ్గర అంత తేలిక కాలేదు. ఒంగోలులో ఇంటికెళ్లినప్పుడు ఓసారి నా ఫోన్లో చిరిగిన జీన్స్ చూశారు. ధర మూడు వేలు. తిట్టలేదు. "చిరిగింది కదమ్మా, దీనికి డబ్బులిస్తారా?" అన్నారు అంతే. కాసేపాగి ఆయన డిగ్రీ రోజులు చెప్పారు. రెండే చొక్కాలట. కాలర్ అరిగి పీచు లేస్తే టైలర్ దాన్ని విప్పి, తిరగేసి కుట్టిచ్చేవాడట. వీపు మీద మాసిక వేసిన చొక్కా వేసుకున్న రోజు క్లాసులో చివరి బెంచీలో గోడకి ఆనుకుని కూర్చునేవారట. "నాకు సరదా కాదమ్మా అది, గతిలేక" అన్నారు.

ఆ రోజుల్లో బ్రిటన్ కుర్రాళ్లకీ ఉద్యోగాల్లేవు నాన్నా అని మొదలుపెట్టబోయి ఆగిపోయా. నెల తిరిగేసరికి అకౌంట్లో జీతం పడే నేను, ఆయనకి లేమి గురించి చెప్పడమేంటి? ఆ రోజు నుంచీ నాకు ఒకటే రూల్. బాగున్న బట్టని చింపను. దానంతటది చిరిగితే మాసిక వేస్తా, అదీ అందరికీ కనపడేలా.

నా దగ్గరున్న పంక్ అంతా అలా తయారైందే. ఇంజినీరింగ్ నాటి డెనిమ్ జాకెట్ మోచేతుల దగ్గర పోయింది. చేతులు కత్తిరించేసి వెస్ట్ చేశా. మన ఎండకి అదే మేలు, గాలి ఆడుతుంది. పంక్ అంటే ఎర్రగళ్ల టార్టన్ గుడ్డ కూడా ఉండాలి కదా, దానికీ వెతుక్కోలేదు. నాన్న పాత గళ్ల లుంగీ ముక్కని వీపు మీద పెద్ద మాసికగా కుట్టేశా. సంక్రాంతికి చూపిస్తే ఆయన తిరగేసి చూసి, "కుట్లు దూరం దూరంగా పడ్డాయ్. రెండు ఉతుకులకి ఊడొస్తుంది" అన్నారు. ఇంకేం అనలేదు. నేను మళ్లీ దగ్గర దగ్గరగా కుట్టా.

రోజూ వేసుకోవాలంటే ఒక్క వస్తువు చాలు. ఆఫీసుకి మామూలు చొక్కా, నల్ల ప్యాంటు, కాలర్‌కి పిన్నీసులు. మా లీడ్ ఒకసారి "క్లయింట్ కాల్‌లో ఆ వెస్ట్ వద్దులే" అన్నాడు. విప్పి కుర్చీకి తగిలించా. పిన్నీసులు మాత్రం తియ్యలేదు. ఆయనా ఏమీ అనలేదు. స్టీలువే కొనండి. మామూలువి చెమటకి తుప్పు పడతాయి, ఆ మరక చచ్చినా పోదు. ఉతికే ముందు అన్నీ తీసెయ్యాలి. స్టడ్స్ వీపు మీద వద్దు, క్యాబ్ సీటు గీరుకుపోయి డ్రైవర్‌తో గొడవ. బెల్టుకి రంధ్రాలు, రింగులు కావాలంటే బ్యాగులు కుట్టే ఆయన దగ్గరికెళ్తే అక్కడికక్కడే కొట్టిస్తాడు. బూట్లంటే అందరూ డాక్టర్ మార్టెన్స్ అంటారు. ఆ ఎనిమిది రంధ్రాల 1460 మోడల్ 1960 ఏప్రిల్ 1న పనివాళ్ల బూటుగా వచ్చింది. బాగుంటాయి గానీ వేసవిలో కాళ్లు ఉడికిపోతాయి. నల్ల కాన్వాస్ బూట్లకి ఎర్ర లేసులు కట్టినా నాకు సరిపోతోంది.

రాత్రి బయటికెళ్లేటప్పుడు కొత్తగా కొనేదేం ఉండదు. ఆఫీసు చొక్కా మీదే వెస్ట్, ఒక చెవికి జుంకా, రెండో చెవికి గొలుసు, కంటికి కాటుక. కాటుక బాగా దట్టంగా, కళ్ల చివర్ల దాకా లాగి పెట్టాలి. సూజీ సూ అనే పంక్ గాయని ఫొటోలు చూస్తే ఎంత దట్టంగానో అర్థమవుతుంది. ఒక్కటి మాత్రం నేను ముట్టను. అప్పటి పంక్‌లలో కొందరు జనాన్ని రెచ్చగొట్టడానికి నాజీ గుర్తులు కూడా తగిలించుకున్నారు. పాత ఫొటో చూసి కాపీ కొట్టేముందు దాని మీద ఏముందో చూసుకోండి.

మొన్న శనివారం జూబ్లీహిల్స్‌లో ఒకబ్బాయి నా వీపు వైపు చూసి, "ఒరిజినల్ టార్టనా? ఎక్కడ దొరికింది?" అని అడిగాడు. మా నాన్న లుంగీ అన్నా. నమ్మలేదు.